భీమిలి నుంచి పులికాట్ దాకా మూడు రోజుల్లో కారు ప్రయాణం: వెళ్ళాలా, మానాలా?

ప్రశ్న: మేం ఐదుగురం కాకినాడలో ఇంజనీరింగ్ కలిసి చదువుకున్నాం. ఇప్పుడు ఇద్దరు హైదరాబాద్‌లో, నేనూ ఇంకొకడూ విశాఖలో, ఒకడు కాకినాడలో ఉంటున్నాం. విశాఖలో ఉన్నవాడికి ఫిబ్రవరిలో పెళ్ళి. ఈలోగా సంక్రాంతి సెలవుల్లో అందరం కలిసి భీమిలి నుంచి పులికాట్ దాకా సముద్రం పక్కనే కారులో వెళ్దామనుకున్నాం. దొరికేది మూడు రోజులే. కారు నాది. హైవే మీద నడిపే అలవాటు నాకూ, హైదరాబాద్ వాళ్ళలో ఒకడికీ మాత్రమే ఉంది. వాడు సాయంత్రమైతే మందు తాగుతాడు. కాకినాడ వాడికి ఉద్యోగం పోయి కొన్ని నెలలైంది. మనిషికి రాత్రికి నాలుగు వేలు పడే రిసార్టు లింకు గ్రూపులో పెట్టినప్పటి నుంచి ‘నాకు పనుందిరా, మీరు వెళ్ళండి’ అంటున్నాడు. ‘నీ డబ్బులు మేం పెట్టుకుంటాంలే’ అన్నాం. అంతే, గ్రూపులో మాట్లాడటమే మానేశాడు. మా అమ్మకేమో సముద్రం పేరెత్తితే భయం. ఇవన్నీ చూస్తుంటే నాకూ టెన్షన్‌గా ఉంది. మానేద్దామా అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: మానకండి. వెళ్ళండి. ఇప్పుడు వేసుకున్న ప్లానుతో మాత్రం వెళ్ళకండి.

మీరు చెప్పిన ఇబ్బందులన్నీ ఒకచోటే మొదలయ్యాయని నాకనిపిస్తోంది. ప్లాను వేసినప్పుడు ఎవరు ఎక్కువ హుషారుగా ఉన్నారో వాళ్ళ లెక్కన దూరం వేశారు. ఎవరి జేబు నిండుగా ఉందో వాళ్ళ లెక్కన ఖర్చు వేశారు. దీన్ని తిరగేయండి. స్టీరింగ్ పట్టుకునే మనిషి పగటిపూట, అలసిపోకుండా ఎంత నడపగలడో అంతే దూరం. చేతిలో తక్కువ ఉన్నవాడు ఎవరినీ అడగకుండా ఎంత పెట్టగలడో అంతే ఖర్చు. ఇలా అనుకుంటే మీ టెన్షన్‌లో సగం దానంతటదే పోతుంది.

ముందు దూరం సంగతి. భీమిలి నుంచి పులికాట్ దాకా ఏడొందల కిలోమీటర్ల పైమాటే, అదీ తిన్నగా పదహారో నంబరు హైవే పట్టుకుని పోతే. ఆ హైవే మీద సముద్రం కనిపించదు. లారీలు, టోల్‌గేట్లు, బిర్యానీ బోర్డులు కనిపిస్తాయి. మన తీరం పొడవునా సముద్రాన్ని ఆనుకుని ఒకటే రోడ్డు లేదు. నదులు, పాయలు, మడ అడవులు, పోర్టులు అడ్డం వస్తాయి కాబట్టి దిగుతూ, మళ్ళీ పైకి వస్తూ పోవాలి. కాస్త దగ్గరగా పోయేది 216 నంబరు జాతీయ రహదారి. కత్తిపూడి దగ్గర హైవే నుంచి విడిపోయి కాకినాడ, అమలాపురం, మచిలీపట్నం, బాపట్ల, చీరాల మీదుగా వెళ్ళి ఒంగోలు దగ్గర మళ్ళీ కలుస్తుంది. పటంలో చూస్తే ముచ్చటగా ఉంటుంది. నడిపేవాడికి మాత్రం ఊరి తర్వాత ఊరు, స్పీడు బ్రేకర్లు, రొయ్యల లోడుతో నీళ్ళు కార్చుకుంటూ పోయే బండ్లు.

ఇంకో విషయం మీలాంటి విశాఖ వాళ్ళకి తట్టకపోవచ్చు. కోతలు అయ్యాక డెల్టా ఊళ్ళలో రైతులు ధాన్యం రోడ్డు మీదే ఆరబోస్తారు. సగం రోడ్డు రాశులే ఉంటాయి. చీకటి పడ్డాక వాటి మీద నల్ల టార్పాలిన్ కప్పి, చుట్టూ పెద్ద పెద్ద రాళ్ళు పెడతారు. హెడ్‌లైట్ వెలుగులో ఆ టార్పాలినూ తారురోడ్డూ ఒకటే రంగులో ఉంటాయి. రాయి కనిపించేసరికి మీరు దాని మీద ఉంటారు. రైతుని తప్పుపట్టలేం, కళ్ళం లేనివాడు ఇంకెక్కడ ఆరబోసుకుంటాడు? పొద్దున మంచు ఇంకో చిక్కు. జనవరిలో గోదావరి జిల్లాల్లో కొన్ని రోజులు ఎనిమిదింటికి కూడా ఎదుటి బండి కనిపించదు. అంటే మీరు హాయిగా నడపగలిగేది పొద్దున మంచు విడిపోయాక మొదలై సాయంత్రం చీకటి పడేలోపు అయిపోవాలి. ఆ కొద్ది గంటల్లో ఇద్దరు డ్రైవర్లతో మూడు రోజుల్లో ఏడొందల పైచిలుకు వెళ్ళి, మళ్ళీ అంత దూరం వెనక్కి రావడం కుదరదు. కుదిరినా, చూసింది ఏమీ ఉండదు.

అందుకని పులికాట్ వదిలేయండి. అది ఫ్లెమింగోల కోసం విడిగా, సూళ్ళూరుపేట దిగి తీరిగ్గా చూడాల్సిన చోటు. ఈసారికి భీమిలి నుంచి అంతర్వేది చాలు. 

మొదటి రోజు పొద్దున్నే హైదరాబాద్ వాళ్ళు విశాఖలో రైలు దిగితే, భీమిలి దాకా వెళ్ళి బీచ్ రోడ్డు మీద వెనక్కి రండి. ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగండి. తొట్లకొండ ఎక్కితే బౌద్ధుల కాలం నాటి ఆరామం శిథిలాలు, కింద సముద్రం రెండూ ఒకేసారి కనిపిస్తాయి. మీరు విశాఖలో ఉంటున్నా అక్కడికి వెళ్ళి ఎన్నాళ్ళయిందో ఒకసారి ఆలోచించండి. మధ్యాహ్నం భోజనం చేసి హైవే ఎక్కితే, కత్తిపూడి, పిఠాపురం మీదుగా సాయంత్రానికి ఉప్పాడ. అక్కడి నుంచి కాకినాడ వెళ్ళే రోడ్డు నిజంగానే సముద్రం పక్కన ఉంటుంది, కెరటానికీ మీ టైరుకీ మధ్య పోసిన బండరాళ్ళే అడ్డం. ఉప్పాడలో సముద్రం ఏళ్ళ తరబడి ఊరిని కోస్తూనే ఉంది. ఇళ్ళు, గుళ్ళు, రోడ్డు ముక్కలు లోపలికి పోయాయి. ఆ రాళ్ళ మీద ఫోటోలు దిగేముందు, వెనకాల ఉన్న గోడ ఒకప్పుడు ఎవరి వంటింటిదో అని అడిగితే ఊళ్ళోవాళ్ళు చెబుతారు. కాస్త ఆగి వినండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు మీద ఉన్నప్పుడు కెరటాలు రోడ్డు మీదికే ఎగిరిపడతాయి. అల్పపీడనం ఉంటే రోడ్డు మూసేస్తారు. అప్పుడు పట్టుపట్టకుండా పిఠాపురం నుంచే కాకినాడ వెళ్ళిపోండి.

రెండో రోజు కోరంగి. మడ చెట్ల మధ్య నుంచి చెక్కబాట వేశారు. అక్కడ హడావిడిగా నడిచి వచ్చేస్తే ఏమీ కనిపించదు. ఒకచోట నిలబడి కిందికి చూడండి. బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చినవి మడచెట్ల వేర్లు, ఊపిరి తీసుకోవడానికి పైకి వస్తాయి. వాటి మధ్య బొటనవేలంత చేపలు ముందు రెక్కల మీద ఊతం తీసుకుని బురద మీద గెంతుతుంటాయి. ఆ అడవి ఊరికే అందం కోసం ఉన్నది కాదు, తుపాను ఉప్పెన వస్తే ముందు దెబ్బ తినేది అదే. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన కోరంగి రేవుని తుడిచిపెట్టింది. తర్వాత యానాం, అమలాపురం, రాజోలు మీదుగా అంతర్వేది. అక్కడ వశిష్ఠ గోదావరి సముద్రంలో కలుస్తుంది. సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లను దాటించే పెద్ద పడవ) నడుస్తుంటే కారుతో సహా గోదావరి దాటి నరసాపురంలో దిగొచ్చు. పంటు ఉందో లేదో అంతర్వేది వెళ్ళేటప్పుడే రేవులో అడిగి పెట్టుకోండి. లేకపోతే దిండి దగ్గర చించినాడ వంతెన ఎలాగూ ఉంది. రాత్రికి నరసాపురంలో ఉండి, మూడో రోజు పొద్దున్నే హైదరాబాద్ వాళ్ళని అక్కడే వదిలేయండి, సాయంత్రం రైలుంది. మీరు పగలు పగలే బయల్దేరి కాకినాడ వాణ్ణి ఇంటి దగ్గర దింపి విశాఖ చేరిపోతారు.

ఇప్పుడు కాకినాడలో ఉన్న మీ స్నేహితుడి గురించి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది ఇదే.

‘నీ డబ్బులు మేం పెట్టుకుంటాం’ అన్న మాట మీరు ప్రేమతోనే అన్నారు. కానీ నలుగురూ చూసే గ్రూపులో అన్నారు. ఉద్యోగం పోయిన మనిషికి రోజూ ఇంట్లో, పెళ్ళిళ్ళలో, వీధిలో ఎవరో ఒకరు ‘ఇంకా ఏం దొరకలేదా బాబూ’ అని అడుగుతూనే ఉంటారు. ఆ ప్రశ్న ఎదురవని చోటు స్నేహితుల గ్రూపు ఒక్కటే. మీ మాటతో అదీ పోయింది. అతనికి పని ఉండి కాదు, చేయి చాచలేక రానంటున్నాడు. కాబట్టి ముందు బతిమాలకండి. ముందు ప్లాను మార్చండి, తర్వాత పిలవండి.

లెక్క ఎలా మారుతుందో చూడండి. భీమిలి నుంచి అంతర్వేది వెళ్ళి రావడానికి అటూ ఇటూ కలిపి ఆరువందల కిలోమీటర్లు వేసుకుందాం. లీటరుకి పదిహేను ఇచ్చే కారైతే నలభై లీటర్లు. లీటరు 110 చొప్పున 4,400. ఐదుగురికి పంచితే మనిషికి 880. మామూలు లాడ్జిలో గదికి రెండు వేలు, రోజుకి రెండు గదులు, రెండు రాత్రులు అంటే మనిషికి 1,600. రోజుకి ఐదువందలు తిండికి అనుకుంటే 1,500. మొత్తం కలిపి మనిషికి నాలుగు వేల లోపు, టోల్ విడిగా. మీ రిసార్టులో ఒక్క రాత్రి ఖర్చుతో మూడు రోజుల ప్రయాణం అయిపోతోంది. సముద్రానికి వెళ్ళేవాళ్ళకి స్విమ్మింగ్ పూల్ ఉన్న గది ఎందుకో కూడా నాకు అర్థం కాలేదు. అతను కాకినాడలో ఎక్కుతాడు, మొదటి రాత్రి తన ఇంట్లో పడుకుంటాడు కాబట్టి అతని వాటా ఇంకా తగ్గుతుంది.

ఈ లెక్క ముందు మిగతా ముగ్గురికీ విడిగా ఫోన్ చేసి చెప్పండి. రిసార్టు ఎందుకు తీసేస్తున్నారో అడిగితే ‘కారులో ఎక్కువ తిరుగుతాం, గదిలో ఉండేది తక్కువ’ అనండి, అదీ నిజమే. తర్వాత గ్రూపులో కాదు, నేరుగా అతనికి ఫోన్ చేయండి. పాత మాట ఎత్తి సారీలు చెబుతూ కూర్చోకండి, దాంతో మళ్ళీ డబ్బు మాటే వస్తుంది. ఇలా అనండి: ‘ఒరేయ్, రూటు మార్చాం. రెండో రోజంతా కోరంగి, కోనసీమ. ఆ దారి నీకు తెలిసినంత మాకెవరికీ తెలీదు. ఎక్కడ ఆగాలి, ఎక్కడ తినాలి అంతా నువ్వే చూసుకోవాలి. మనిషికి నాలుగు వేల దాకా అవుతుంది. వస్తావా?’ అంకె దాచకండి, తగ్గించి చెప్పకండి. దాచిపెట్టి మీరు కట్టేస్తే హోటల్ బిల్లు దగ్గర ఎలాగూ తెలిసిపోతుంది, అప్పుడు ఇంకా బాధపడతాడు. అప్పటికీ రానంటే ఒప్పుకోండి. కాకినాడలో దిగిన సాయంత్రం టీకి రమ్మనండి. ఒక్క గంట కూర్చుంటే చాలు.

ఒక్కటి మాత్రం చేయకండి. ఖర్చు కలిసొస్తుంది కదా అని వాళ్ళింట్లో దిగుతామనకండి. ఉన్నా లేకపోయినా నలుగురు వచ్చారంటే ఆ తల్లి చేపల పులుసూ, పీతల ఇగురూ చేయకుండా ఊరుకోదు. ఆ ఖర్చు, ఆ శ్రమ మీ స్నేహితుడికి తెలుస్తాయి, మీకు తెలియవు.

బయల్దేరే ముందే ఎవరి వాటా వాళ్ళు ఒకరి దగ్గర జమచేయండి. అన్నీ అందులోంచే. టోల్ మీ ఫాస్టాగ్‌లోంచి చప్పుడు లేకుండా పోతుంది, అది అందరూ మర్చిపోతారు, దాన్నీ లెక్కలో వేయించండి. పంక్చరు అందరిదీ, కారు సర్వీసింగు మీది.

తర్వాత మందు సంగతి. ఇందులో మొహమాటానికి తావు లేదు. ఆ స్నేహితుడిని తాగొద్దనడం మీ వల్ల కాకపోవచ్చు, అది ఈ ప్రయాణంలో తేలే విషయమూ కాదు. తాగినవాడు మర్నాడు మధ్యాహ్నం దాకా స్టీరింగ్ ముట్టుకోకూడదన్నది మాత్రం మీరు పెట్టాల్సిన షరతు. ఎందుకంటే రాత్రి పన్నెండు దాకా తాగితే పొద్దున లేచేసరికి అదంతా దిగిపోదు. స్నానం చేసినా, కాఫీ తాగినా, మజ్జిగ తాగినా రక్తంలో ఉన్నది తొందరగా తగ్గదు, దానికి పట్టే సమయం దానికి పడుతుంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను కింద కేసు. మొదటిసారికే పదివేల జరిమానా గానీ ఆరునెలల దాకా జైలు గానీ, లేదా రెండూ పడొచ్చు. కారు మీది కాబట్టి ప్రమాదం జరిగితే మీ పేరూ దానిలోకి వస్తుంది, తాగి నడిపాడని తేలితే మీ కారు బాగుచేయించడానికి ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బివ్వదు. లైసెన్సు ఉన్న స్నేహితుడు తాగకుండా, మీ ఇష్టంతో నడిపితే మామూలుగా పాలసీ వర్తిస్తుంది. ఈ తేడా అతనికి ముందే చెప్పండి: ‘మామా, నీ ఇష్టం నీది. రెండో రోజు పొద్దున నువ్వు నడపాలంటే ముందు రాత్రి తాగకు. తాగితే నేనే నడుపుతా, అప్పుడు మధ్యలో ఎక్కువసార్లు ఆగుతాం, గొణక్కూడదు.’ కారు తాళం చెవి రాత్రి మీ దిండు కింద పెట్టుకోండి.

యానాం దగ్గర కూడా జాగ్రత్త. అది పుదుచ్చేరిలో భాగం కాబట్టి పెట్రోలు మనకంటే చౌక, ట్యాంకు నింపుకోండి. మందు కూడా చౌకే, కానీ సీసాలు డిక్కీలో వేసుకుని ఇటు వస్తే కేసవుతుంది. పెళ్ళికి ముందు పెళ్ళికొడుకుని ఎక్సైజ్ స్టేషన్‌లో కూర్చోబెట్టకండి.

ఇక మీ అమ్మగారి భయం. దాన్ని చాదస్తం అని కొట్టిపారేయకండి. 2022 జులైలో పూడిమడక తీరానికి సరదాగా వెళ్ళిన ఇంజనీరింగ్ విద్యార్థులు కొందరు కెరటాలకు కొట్టుకుపోయారు. వాళ్ళూ మీలాగే స్నేహితులతో వెళ్ళినవాళ్ళే. ఆవిడ ఇలాంటివి పేపర్లో చదివే ఉంటారు.

సముద్రంలో ఎక్కువ మంది పోయేది పెద్ద కెరటం వల్ల అనుకుంటాం. అసలు ప్రమాదం వెనక్కి పోయే నీటిలో ఉంది. కెరటాలు ఒడ్డుకు తోసిన నీరు మళ్ళీ లోపలికి పోవాలి కదా. అది అన్నిచోట్లా సమానంగా పోదు, ఇసుక మేటల మధ్య సందు దొరికినచోట గుంపుగా, వేగంగా పోతుంది. ఒడ్డున నిలబడి చూస్తే రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతుంటాయి, మధ్యలో ఒక పట్టీ మాత్రం నురగ లేకుండా, కాస్త నల్లగా, నిదానంగా ఉంటుంది. ఈత రానివాళ్ళు ‘ఇక్కడ అలలు తక్కువరా’ అని సరిగ్గా అక్కడే దిగుతారు. మోకాలి లోతు అనుకున్నది రెండడుగుల్లో నడుం దాటుతుంది, కాళ్ళ కింద ఇసుక జారిపోతుంది. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, ఎంత ఈతగాడైనా అలసిపోతాడు. భయపడకుండా తేలుతూ ఉండాలి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకి ఈదాలి. ఆ పట్టీ దాటాక అలలే మళ్ళీ ఒడ్డు వైపు తోస్తాయి. ఒడ్డున ఉన్నవాళ్ళు ఒకరి వెనక ఒకరు దూకకండి. చాలాసార్లు ఒకరి కోసం దిగిన ఇద్దరు ముగ్గురు కూడా పోతారు. ఖాళీ డబ్బా, తాడు, స్టెప్నీ ట్యూబు, తేలేది ఏది చేతికొస్తే అది విసరండి, అరిచి దగ్గర్లో ఉన్న మత్స్యకారులను పిలవండి, 112 కి ఫోన్ చేయండి.

అంతర్వేది దగ్గర నది సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు చూడండి, ఫోటోలు తీసుకోండి, కాళ్ళు తడుపుకోండి. అక్కడ లోపలికి మాత్రం దిగకండి. పాటు (పోటు తగ్గి నీరు వెనక్కి తీయడం) మొదలయ్యాక నది నీరూ, సముద్రం నీరూ రెండూ కలిసి ఒకేవైపు లాగుతాయి. స్నానం చేయాలనిపిస్తే రుషికొండలో లైఫ్‌గార్డులు ఉన్న చోట, పగటిపూట, నడుం లోతు దాటకుండా చేయండి. తాగినవాడు ఏ తీరంలోనూ దిగకూడదు. ఇది కూడా బయల్దేరే ముందే ఒప్పందం. కెరటాల గురించి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ హెచ్చరికలు ఇస్తుంది, వాతావరణ శాఖ అల్పపీడనాల గురించి చెబుతుంది, రెండూ ముందురోజు చూసుకోండి. వీటికంటే ముందు రేవులో వల బాగుచేసుకుంటున్న మనిషిని ‘ఇవాళ దిగొచ్చా బాబాయ్’ అని అడగండి. ఆయన వద్దంటే ఇంకెవరినీ అడగకండి.

కారుని ఇసుకలోకి దింపొద్దు. చక్రం కూరుకుపోతే పోటు వచ్చేలోపు తీయడం గగనం, పైగా జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి మన తీరానికి వస్తాయి. రాత్రిపూట ఒడ్డున మంటలు, హెడ్‌లైట్లు వాటిని భయపెడతాయి. ఇంటికి రాగానే కారు అడుగు భాగం మంచినీళ్ళతో కడిగించండి, ఉప్పుగాలికి తుప్పు పడుతుంది.

అమ్మగారికి ‘ఏం కాదులే అమ్మా’ అనకండి, ఆ మాటతో ఏ తల్లికీ ధైర్యం రాదు. ఏ రోజు ఏ ఊళ్ళో ఉంటారో, లాడ్జి పేరేమిటో, ఫోన్ నంబరేమిటో కాగితం మీద రాసి ఇవ్వండి. చీకటి పడేలోపు ఊరు చేరుతామనీ, చేరగానే ఫోన్ చేస్తామనీ చెప్పండి. నీళ్ళ గురించి మీరు పెట్టుకున్న షరతులు ఆవిడకీ వినిపించండి. పెళ్ళికొడుకు చేత కూడా ఒకసారి మాట్లాడించండి. మీ మాట కంటే అతని మాట మీదే ఆవిడకు నమ్మకం కుదరొచ్చు.

చివరిగా తేదీలు. సంక్రాంతి వారం వద్దు. ఆ రోజుల్లో హైదరాబాద్ నుంచి సగం మంది మీ రోడ్డు మీదే ఉంటారు, మీవాళ్ళకి రైలు టికెట్లు దొరకవు, కోనసీమలో ఖాళీ గది దొరకడం కష్టం, ఉన్నా రేటు రెట్టింపు. భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో రథోత్సవం, ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు. క్యాలెండరు చూసి ఆ రోజులూ తప్పించండి. పండగ అయ్యాక వచ్చే వారం మధ్యలో, మంగళ, బుధ, గురువారాలు పెట్టుకోండి. కాకినాడ వాడికి ఆ మూడు రోజుల్లో ఏదైనా ఇంటర్వ్యూ ఉంటే, తేదీ మార్చాల్సింది మీరే.